వార్టన్ అడవిలో క్యాంపింగా? ఇసుకతో జాగ్రత్త

న్యూజెర్సీలో ఉండేవాళ్లు వార్టన్ స్టేట్ ఫారెస్ట్‌లో టెంట్ వేద్దామనుకుంటుంటే ఒక్క మాట. ఫోన్ మ్యాప్ చూపించే అడ్డదారిని నమ్మకండి. లక్ష ఎకరాలు దాటిన అడవి అది. లోపలి దారులు చాలావరకు పంచదారలాంటి తెల్లటి ఇసుకే. పోయినసారి మా సెడాన్ ముందు చక్రాలు అందులో దిగబడ్డాయి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంకా లోతుకే! చివరికి టైర్లలో గాలి కాస్త తగ్గించి, చక్రాల ముందు ఇసుక చేత్తో తోడి, ఫ్లోర్ మ్యాట్లు దోపి, మెల్లగా బయటికి తీశాం. అప్పటినుంచి డిక్కీలో చిన్న పార, గాలి పంపు ఉంటున్నాయి. మామూలు కారైతే 206 రోడ్డు పక్కనే ఉన్న అట్సియాన్ వైపు క్యాంప్‌సైట్ చూసుకోండి, టెన్షన్ ఉండదు. సిగ్నల్ అంతంతమాత్రమే కాబట్టి మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.

వాగులో నీళ్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయని పిల్లలు ముఖం చిట్లిస్తారు. అది మురికి కాదు, సెడార్ చెట్ల వల్ల, నేలలోని ఇనుము వల్ల వచ్చిన రంగు. అసలు భయపడాల్సింది ఒంటికి పట్టి రక్తం పీల్చే పిడుదులకి (టిక్స్). ప్యాంటు అంచుల్ని సాక్సులో దోపండి. సాయంత్రం మోకాళ్ల వెనక, చెవుల వెనక తడిమి చూడండి. పిల్ల పిడుదులైతే గసగసాల గింజంతే ఉంటాయి.