డెల్టా ఊళ్లో పిల్లల సైన్సు జట్టు: ఉప్పునీటి కొలతతో మొదలుపెట్టండి

గోదావరి డెల్టాలో సఖినేటిపల్లి, మలికిపురం, మొగల్తూరు, నరసాపురం వైపు ఊళ్లలో ఉప్పునీరు ప్రతి ఇంటి సంగతే. కౌలురైతుకు దాళ్వా (రెండో పంట వరి) నారు ఎర్రబడితే అనుమానం ఉప్పు మీదికే పోతుంది. రొయ్యల చెరువుల్లో కూలికి వెళ్లేవాళ్లు సెలినిటీ (నీటిలో ఉప్పు ఎంతుందన్న లెక్క) అన్న మాట రోజూ వింటారు. చేపల వేటకు వెళ్లే ఇళ్లలో పోటూ పాటూ (సముద్రపు నీరు పొంగడం, తీయడం) చూడకుండా పడవ కదలదు. అందుకే ఊళ్లో పిల్లల సైన్సు జట్టు పెట్టాలనుకునే టీచర్లు, చదువుకున్న అక్కలు, అన్నలు రోబో కిట్‌తో కాకుండా ఉప్పునీటితో మొదలుపెట్టాలి. రోబో కిట్ ముందు ట్యూషన్‌కి వెళ్లే అబ్బాయే ముందుంటాడు. ఏటి నీటి దగ్గర మాత్రం మత్స్యకారుల పేట పిల్లకి అందరికన్నా ఎక్కువ తెలుసు, ఆ సంగతి మొదటి రోజే అందరికీ కనిపిస్తుంది.

ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు పదహారు మంది పిల్లలు చాలు. బడి ప్రార్థనలో ప్రకటిస్తే మొదటి బెంచీ వాళ్లే వస్తారు. కాబట్టి ప్రతి పేటకూ వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడండి. ఎన్ని గంటలకు వదిలిపెడతారో, ఎవరు తోడు వస్తారో ముందే చెప్పండి. ఆడపిల్లల విషయంలో అనుమతి చాలాసార్లు ఈ రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది. చోటు బడి వరండా అయితే మంచిది. గుడి, చర్చి, పెద్దల ఇంటి అరుగు వద్దు, ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు గడప బయటే ఉండిపోతారు. ఆదివారం పొద్దున్న చర్చికి వెళ్లే ఇళ్లు చాలా ఉంటాయి, సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లలకు ఇంటిపని. ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు పెట్టుకుంటే అందరికీ కుదురుతుంది.

నలుగురేసి చొప్పున నాలుగు జట్లు చెయ్యండి. ఒక్కో పేట నుంచి ఒక్కొక్కరిని కలపడం న్యాయంగా కనిపిస్తుంది కానీ పనిచెయ్యదు. ఒంటరిగా పడిన పిల్ల నోరు విప్పదు. ప్రతి జట్టులో కనీసం ఇద్దరు ఆడపిల్లలు, ఒకే పేట వాళ్లు ఇద్దరు ఉండేలా చూడండి. పరికరం ఎవరు పట్టుకోవాలో ప్రతివారం చీటీ తీసి తేల్చండి, పోయినవారం పట్టుకున్నవాళ్ల చీటీ వెయ్యకండి. ఆ రోజు వేరెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఈ నియమం లేకపోతే మూడో వారానికల్లా మీటరు ఒకే అబ్బాయి చేతిలో, నోటుపుస్తకం ఒకే అమ్మాయి చేతిలో స్థిరపడతాయి. దస్తూరీ బాగుందని అమ్మాయికి రాతపని అప్పగించేది చాలాసార్లు మనమే.

తేలుడు కొలత తయారీ

నీటిలో ఉప్పు ఎంతుందో తాను తేలే ఎత్తునుబట్టి చూపించే పరికరం ఇది. మొదటి రెండు ఆదివారాలు దీనికే. ప్రతి జట్టుకూ కావలసినవి: మర మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ హోమియో మాత్రల సీసా (బయటి ఘనపరిమాణం 12 మిల్లీలీటర్ల దగ్గర), సిరా అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్, సైకిల్ ముందుచక్రం బేరింగ్ బాల్స్ ఇరవై, కొంచెం ఇసుక, ఎం-సీల్.

రీఫిల్ ముల్లు తీసి కడిగి, మూతకు రంధ్రం చేసి నిలువుగా దించండి. అతుకునూ రీఫిల్ పైకొననూ ఎం-సీల్‌తో మూసి పూర్తిగా ఆరనివ్వండి. బరువు సర్దడం ఆ తర్వాతే, ఎందుకంటే ఎం-సీల్‌కీ బరువుంటుంది. సీసాలో బాల్స్ వేసి, మూత బిగించి, మంచినీళ్లలో వదలండి. రీఫిల్ పైనుంచి ఒక సెంటీమీటరు మాత్రమే బయట ఉండాలి. ఒక్క బాల్ ఎక్కువైతే రీఫిల్ ఐదారు సెంటీమీటర్లు దిగిపోతుంది, కాబట్టి చివరి సర్దుబాటు ఇసుక చిటికెలతో చెయ్యండి.

నీరు ఎంత ఉప్పగా ఉంటే కొలత అంత పైకి తేలుతుంది. లీటరుకు 10, 20, 30 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లలో వేసి రీఫిల్ మీద సీడీ మార్కర్‌తో గీతలు పెట్టండి. సున్నా నుంచి 30 గీత వరకు మూడున్నర సెంటీమీటర్ల తేడా రావాలి. ప్యాకెట్ ఉప్పే వాడండి, కల్లుప్పులో చెమ్మ ఉంటుంది. తూకానికి కంసాలి దగ్గరికి వెళ్తే గ్రాము గ్రాముకూ లెక్క దొరుకుతుంది.

సీసాకి బదులు ఉత్త స్ట్రా వాడితే ఇదే నీటిలో తేడా రెండు మిల్లీమీటర్లే, ఎవరికీ కనిపించదు. లావు సీసాకి సన్నటి మెడ ఎందుకు పెట్టామో పిల్లల్నే అడగండి, జవాబు వాళ్లే చెబుతారు.

తప్పులు వచ్చేది మూడు చోట్ల. సీసాకి గాలి బుడగలు పట్టుకుంటే పైకి తేలుతుంది, తిప్పి వదిలించాలి. మూత దగ్గర నీరు కారితే మునుగుతుంది, వాజిలైన్ రాయాలి. ఎండకు నీరు ఐదు డిగ్రీలు వేడెక్కితే లీటరుకు రెండు గ్రాములు తక్కువ చూపిస్తుంది, నీడలో చల్లారనిచ్చి కొలవాలి.

తక్కువ ఉప్పుకి ఈ కొలత చాలదు. బోరునీటికి, కాలువ నీటికి కొన్ని వందల రూపాయల టీడీఎస్ మీటరు కొనండి. అది కొలిచేది నీటిలో కరెంటు పారే గుణాన్ని, దాన్నిబట్టి ఉప్పును అంచనా కడుతుంది. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ లీటరుకు ఒక గ్రాము ఉప్పు కలిపితే 1000 (లీటరుకు మిల్లీగ్రాముల్లో) దగ్గర చూపాలి, ప్రతివారం ఇలా సరిచూడండి. తాగేనీటికి భారత ప్రమాణం 500, వేరే నీరు దొరకని చోట 2000 వరకు. సాగునీరు సుమారు 1000 దాటాక వరి దిగుబడి తగ్గడం మొదలవుతుంది. సముద్రం దగ్గరి నీరు మీటరు హద్దు దాటిపోతుంది. ఒక వంతుకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి, వచ్చిన అంకెను పదితో హెచ్చించాలి.

బయటికి వెళ్లినప్పుడు

పిల్లలెవరూ నీళ్లలోకి దిగకూడదు. వంతెన మీదనుంచి తాడు కట్టిన బకెట్ వెయ్యండి. రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్ల (నీటికి గాలి ఎక్కించే యంత్రాల) కరెంటు తీగలుంటాయి, గట్టు దిగనివ్వకండి. యజమానిని ముందే అడగండి, ఆయన మగ్గుతోనే నీళ్లు తీయించుకుని మీ సీసాలో పోయించుకోండి. ఒక చెరువులో ముంచిన బకెట్ ఇంకో చెరువులో ముంచితే రొయ్యల్ని చంపే తెల్లమచ్చ వైరస్ మోసుకెళ్లొచ్చు.

ఏటి దగ్గర ప్రతి ఆదివారం నాలుగింటికి కొలిస్తే ఒక వారం ఎక్కువ, మరుసటి వారం తక్కువ వస్తాయి. మీటరు పాడైందంటారు పిల్లలు. పాడవలేదు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, ఏడు రోజులకు దాదాపు ఆరు గంటలు. అంటే పోయిన ఆదివారం పోటున్న వేళకి ఈ ఆదివారం పాటు ఉంటుంది. ఈ లెక్క మీరు చెప్పకండి. మత్స్యకారుల పేట పిల్లల్ని వాళ్ల నాన్ననో తాతనో అడిగి రమ్మనండి, బోర్డు మీద లెక్క వాళ్లచేతే కట్టించండి. వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసిన వారాల్లో తప్పకుండా కొలవండి, గ్రాఫ్‌లో పెద్ద మార్పు కనిపించేది అప్పుడే.

భీమవరం వైపు ఒక ఆక్వా ల్యాబ్‌కి (చేపల, రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే చోటికి) తీసుకెళ్లండి. ఫాస్ఫేటు పరీక్షలో నీళ్లు నీలంగా మారడం చూపించండి. రక్తంలో ఫాస్ఫరస్‌ను ఇలాంటి నీలిరంగుతోనే కొలిచే పద్ధతిని 1925లో ఫిస్కె అనే శాస్త్రవేత్తతో కలిసి ప్రకటించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలోనే పుట్టారు, మెట్రిక్యులేషన్ మొదటిసారే గట్టెక్కలేదు కూడా. మార్కులు తక్కువని వెనక్కి తగ్గే పిల్లలకు ఈ రెండో సంగతి తప్పకుండా చెప్పండి.

చదువు ఆగకుండా

ఆసక్తి పుట్టాక డబ్బు దగ్గర ఆగిపోయే పిల్లలే ఎక్కువ. ఎనిమిదో తరగతి ప్రభుత్వ బడి పిల్లలచేత ఎన్‌ఎంఎంఎస్ (కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష రాయించండి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపుండాలి, ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏడాదికి 12,000 రూపాయలు. ఉప్పు కొలతలోంచి ఏదైనా కొత్త ఆలోచన వస్తే బడి తరఫున ఇన్‌స్పైర్ మనాక్‌కి (బడి పిల్లల కొత్త ఆలోచనలకు కేంద్రం ఇచ్చే అవార్డుకి) పంపొచ్చు, ఎంపికైన ఆలోచనకు 10,000 రూపాయలిస్తారు. పదో తరగతి తర్వాత నూజివీడు ట్రిపుల్ ఐటీకి మార్కుల మీదే సీటు, పాలిటెక్నిక్‌కి పాలిసెట్ ప్రవేశపరీక్ష. సాంకేతిక డిప్లొమా, డిగ్రీలో చేరే ఆడపిల్లలకు ఏఐసీటీఈ (సాంకేతిక విద్య చూసే కేంద్ర సంస్థ) ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది, ఏడాదికి 50,000 రూపాయలు.

వీటికి కావలసిన కాగితాలు జూన్, జులైలోనే చూసుకోండి. ఆధార్‌లో ఒకలా, బడి రికార్డులో ఇంకోలా పేరుంటే దరఖాస్తు ఆగిపోతుంది, దిద్దించడానికి వారాలు పడుతుంది. కూలికెళ్లే తల్లిదండ్రులకు ఒకరోజు సెలవంటే ఒకరోజు కూలి పోయినట్టే. నలుగురైదుగురి కాగితాలు కలిపి, ఊరి సచివాలయంలో ఏ రోజు పని అవుతుందో ముందే కనుక్కుని, అందరినీ ఒకేసారి తీసుకెళ్లండి.