సోలార్ బ్యాటరీని సగం దాకానే వాడండి

కరెంటు లైను లేకుండా సోలార్ మీదే బతుకుదామనుకునేవాళ్లు ప్యానెళ్ల లెక్క చూసుకున్నంత శ్రద్ధగా బ్యాటరీ లెక్క చూసుకోరు. నేనూ అంతే. 12 వోల్టులు, 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ సామర్థ్యం) అంటే 1200 వాట్ అవర్లు కదా అని రాత్రంతా ఫ్యాన్లు, లైట్లు వాడేశాను. రెండేళ్లు తిరక్కుండానే బ్యాటరీ పడుకుంది. లెడ్ యాసిడ్ రకంలో సగం, అంటే 600 దాకానే మనది అనుకోవాలి. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత తాగేస్తుంది, అదీ ఇందులోంచే.

పొద్దున్నే ప్యానెల్ మీద ఎండ పడకముందు, లోడంతా ఆపి, కాసేపాగి బ్యాటరీకి మల్టీమీటర్ (వోల్టులు కొలిచే పరికరం) పెట్టి చూడండి. 12.2 వోల్టులకి అటూఇటూ ఉంటే దాదాపు సగం అయిపోయినట్టు. రోజూ 12 కిందకి దిగుతోందంటే రాత్రి వాడకం తగ్గించాల్సిందే, వేరే దారి లేదు.

నీళ్లు పోసే రకమైతే నెలకోసారి మూతలు తీసి చూడండి. లోపలి ప్లేట్లు మునిగే ఉంటే, ఫుల్ ఛార్జ్ అయ్యాకే డిస్టిల్డ్ వాటర్ పోయండి. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందు పోసి, మిగతాది తర్వాత. ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ బయటికొస్తుంది. కుళాయి నీళ్లు అసలు వద్దు.