టీచర్ ఎగతాళి చేస్తుంటే పిల్లలకు ఎలా అండగా నిలవాలి?

తోటి పిల్లలు ఏడిపిస్తే తిరిగి ఓ మాట అనేయొచ్చు. టీచరే ఏడిపిస్తే? మార్కులు వాళ్ల చేతిలో ఉంటాయి, క్లాసు వాళ్లతో కలిసి నవ్వుతుంది. అందుకే "నువ్వూ ఓ చురక అంటించు" అనే సలహా ఇక్కడ పనికిరాదు.

1. ముందు వినండి. "నువ్వేం చేశావ్?" అని మొదలుపెడితే పిల్లలు ఇక నోరు విప్పరు. టీచర్ ఏ మాట అన్నారో, అప్పుడు ఎవరున్నారో మెల్లగా అడిగి తేదీతో సహా రాసుకోండి. "ఎప్పుడూ వెక్కిరిస్తారట" అంటే స్కూల్లో పట్టించుకోకపోవచ్చు. అన్న మాట అన్నట్టే చెబితే దాటవేయడం కష్టం.

2. అది సరదానా కాదా చూడండి. క్లాసందరి మీదా జోకు వేయడం వేరు, ఒక్కరినే పట్టుకుని రంగు, లావు, నత్తి, ఇంటి పరిస్థితి ఎత్తడం వేరు. అసభ్యమైన మాటలున్నా, చెయ్యి చేసుకున్నా కింద చెప్పిన 3, 4 మెట్లు వదిలేసి నేరుగా హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్లండి.

3. ఒక్క మాట ప్రాక్టీస్ చేయించండి. "సార్, నన్ను అలా పిలిస్తే బాధగా ఉంటోంది. పేరుతో పిలవండి." అంతే. ఇంట్లో మీరు టీచర్‌లా కూర్చుని అనిపించండి. "ఊరికే అన్నానులే" అని మీరు నవ్వేయాలి, అప్పుడు "తెలుసు సార్, అయినా బాధగా ఉంది" అనడం కూడా అలవాటు కావాలి. అసలు టీచర్‌తో మాత్రం క్లాసు అయ్యాకే చెప్పాలి. అందరి ముందూ చెబితే టీచర్ తన పరువు కాపాడుకునే పనిలో పడతారు. భయమైతే ఫ్రెండ్‌ని తోడు తీసుకెళ్లొచ్చు, చీటీ రాసివ్వొచ్చు. మరీ చిన్నపిల్లలైతే ఆ భారం మీరే తీసుకోండి.

4. మీరు టీచర్‌ని కలిసినప్పుడు దెబ్బలాటకు దిగకండి. "మా పాప ఇలా చెప్పింది, అసలేం జరిగింది?" అని అడగండి. ఏ మాట ఆగాలో స్పష్టంగా చెప్పండి. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు, ఎగతాళి పడ్డ పిల్ల మళ్లీ అందరి నోళ్లలో నానుతుంది.

5. మారకపోతే హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ దాచుకోండి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 28వ అధికరణం ప్రకారం స్కూలు క్రమశిక్షణ పిల్లల గౌరవానికి తగినట్టు ఉండాలి. కంప్లైంట్‌లో ఆ మాట రాయొచ్చు.

6. తర్వాత కొన్ని వారాలు గమనించండి. పగబట్టి మార్కులు తగ్గించడం, పలకరించకపోవడం లాంటివి కనిపిస్తే అవీ రాసుకుని మళ్లీ చెప్పండి. స్కూలు రోజుల్లోనే పొద్దున్నే కడుపునొప్పి, నిద్ర పట్టకపోవడం కొనసాగుతుంటే కౌన్సెలర్‌కు చూపించండి.