తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ బడి పిల్లల్ని చూసుకునే ఖర్చు: లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి

డే కేర్‌కు ఫోన్ చేసి "నెలకెంత?" అని అడిగే ముందు, బిడ్డకు రోజుకు ఎన్ని గంటలు తోడు కావాలో కాగితం మీద రాసుకోండి. నెల ఫీజు చూస్తే చవగ్గా కనిపించేవి చాలా ఉంటాయి. గంటకు ఎంత పడుతుందో చూస్తేనే అసలు ధర తెలుస్తుంది.

ఉదాహరణకు స్కూలు మూడున్నరకు వదులుతుంది. మీరు ఆరింటికి డ్యూటీ దిగి రేణిగుంట నుంచి కొర్లగుంటకు చేరేసరికి పావు తక్కువ ఏడు అవుతుంది. సాయంత్రం మూడుంబావు గంటలు, పొద్దున ఇంకో అరగంట. నెలకు 24 పనిదినాలైతే 90 గంటలు. 4,500 తీసుకుని ఈ గంటలన్నీ చూసుకునే చోట గంటకు 50 రూపాయలు. 3,600 చాలని చెప్పి, పొద్దున తీసుకోకుండా, సాయంత్రం అయిదున్నరకే తలుపులు వేసే చోట 48 గంటలే దొరుకుతాయి, గంటకు 75. పైగా మిగిలిన గంటంబావుకు ఇంకో మనిషిని వెతుక్కోవాలి. ఇవి లెక్క చూపించడానికి వేసిన అంకెలే, మీ వీధిలో చెప్పే రేటు పెట్టి చూసుకోండి.

పొద్దున అరగంటకు డబ్బు పెట్టకండి. ముందుగా ఆటో అన్నతో మాట్లాడి, మీ బిడ్డను మొదటి ట్రిప్పులో ఎక్కించుకోమనండి. పొద్దున మీకు తీరికుంటే, సాయంత్రం కోసం ఎదురు షిఫ్టులో పనిచేసే ఇంటితో జత కట్టండి. రుయా ఆస్పత్రిలోనో స్విమ్స్ ఆస్పత్రిలోనో ఉదయం డ్యూటీ చేసే తల్లి మధ్యాహ్నానికల్లా ఇంటికొస్తే సాయంత్రం ఆవిడ చూస్తుంది, పొద్దున ఆవిడ పిల్లల్ని మీరు బడికి పంపుతారు. నైట్ డ్యూటీ వారంలో ఆవిడకు నిద్ర కావాలి కాబట్టి, డ్యూటీ చార్టు వచ్చిన రోజే ఇద్దరూ కూర్చుని నెలంతా రాసుకోవాలి.

నాలుగు ఇళ్లు కలిసి రిటైరైన టీచరమ్మనో, ఇంటిపట్టున ఉండే అక్కనో మాట్లాడుకోవడం మా దృష్టిలో అన్నిటికన్నా గిట్టుబాటు. నెలకు 8,000 ఇస్తే ఇంటికి 2,000. ఇది చెడేది మాత్రం ఒకే చోట: ఒక ఇల్లు మానేస్తే మిగతా ముగ్గురి మీదా తలా 2,667 పడుతుంది. అందుకే మొదటి రోజే వాట్సాప్ గ్రూపులో తెగేసి రాయండి. మానాలంటే నెల ముందు చెప్పాలి. బిడ్డ రాని రోజులకు కోత లేదు. ఆలస్యమైతే అరగంటకు ఇంత. జ్వరమొచ్చిన బిడ్డను పంపకూడదు. మొహమాటపడి మాట మీద వదిలేస్తే మూడో నెలకే గొడవ.

బడ్జెట్‌ను నిజంగా తలకిందులు చేసేది మార్చి నెల. ఒంటిపూట బడులు మొదలైతే పన్నెండున్నరకే పిల్లలు బయటికొస్తారు, మూడుంబావు గంటలు కాస్తా ఆరుంబావు అవుతాయి. ఆ వెంటనే ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి సెలవులు. చేరేటప్పుడే "ఒంటిపూట బడులప్పుడు ఫీజెంత, వేసవిలో ఎంత?" అని అడిగి, జవాబు మెసేజ్‌లో తీసుకోండి. జూన్ నుంచి ఫిబ్రవరి దాకా నెలకు 500 పక్కన పెడితే 4,500 చేతిలో ఉంటుంది. రాష్ట్ర ప్రభుత్వ తల్లికి వందనం పథకం కింద అర్హులైన తల్లుల ఖాతాలో 2025లో ఒక్కో బిడ్డకు 13,000 పడింది. మీకూ వస్తే అందులో కొంత వేసవికని తీసి పెట్టండి. నవంబరు, డిసెంబరుల్లో వానలకు రాత్రికి రాత్రే సెలవు ప్రకటిస్తారు. ఆ రోజుల కోసం భార్యాభర్తలు చెరి రెండు క్యాజువల్ లీవులైనా దాచుకోవాలి.

ఆరేళ్లలోపు బిడ్డైతే ఆఫీసులో అడగండి. చట్టం ప్రకారం 50 మంది, ఆపైన పనిచేసే సంస్థ క్రెష్ (డ్యూటీ వేళల్లో చిన్నపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. నోటి మాటగా కాదు, హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద క్రెష్‌గా నడిచే అంగన్‌వాడీ దగ్గర్లో ఉందేమో కూడా కనుక్కోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు స్కూలు ట్యూషన్ ఫీజుకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది, వ్యాన్ ఛార్జీకి లేదు.

అడ్వాన్సు ఇచ్చే ముందు చెప్పకుండా నాలుగున్నరకు వెళ్లి చూడండి, పిల్లలు అలసిపోయి ఏడ్చేది అప్పుడే. ఎంతమంది పిల్లలకు ఒక మనిషి ఉంది, ఆ ఇంట్లోకి ఇంకెవరు వస్తూ పోతూ ఉంటారు, బాత్‌రూమ్ గడియ బయట నుంచి తెరుచుకుంటుందా, గేటుకు తాళం ఉందా, ఇవన్నీ మీ కళ్లతో చూడాలి. బిడ్డను తీసుకెళ్లే ముగ్గురి పేర్లు, ఫొటోలు ఇచ్చి, నాలుగో మనిషి ఎవరొచ్చినా మీకు ఫోన్ చేయకుండా పంపొద్దని చెప్పండి.

చిరుతిండికి విడిగా డబ్బు అడిగితే ఇంటి నుంచే పంపండి: చిన్న డబ్బాలో ఉడకబెట్టిన చెనక్కాయలు, ఇంకో దాంట్లో బొరుగులు. చెనక్కాయలు వేడిగా మూతపెడితే సాయంత్రానికి జిగురొస్తాయి. నీళ్లు వంచి, బాగా ఆరాకే డబ్బాలో పోయండి.