కోళ్ల దాణా తిన్న గుర్రం బతుకుతుందా: ముందు మూడు రోజుల లెక్క, తర్వాత గుండె లెక్క

బరాత్ గుర్రాన్ని కట్టే కొట్టంలోనే కోళ్ల దాణా సంచులు పేర్చారంటే, ప్రమాదాన్ని ఇంట్లో పెట్టుకున్నట్టే. బ్రాయిలర్ దాణాలో కోళ్లకు రక్త పారుడు రాకుండా మోనెన్సిన్, సాలినోమైసిన్, మదురామైసిన్ లాంటి మందులు కలుపుతారు. కోడి వాటిని తట్టుకుంటుంది, గుర్రం తట్టుకోలేదు. ఈ మందు వల్ల కండ కణాల్లోకి సోడియం, కాల్షియం హద్దు లేకుండా చొరబడి కణాలు చచ్చిపోతాయి. గుండె కూడా కండే కదా, గుర్రంలో అసలు దెబ్బ తరచుగా అక్కడే పడుతుంది. దీనికి విరుగుడు మందు లేదు.

ముందు ఎంత తిన్నదో లెక్క కట్టాలి. దానికి బరువు తెలియాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు, రెండూ సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టు 150, పొడవు 145 ఉన్న గుర్రం సుమారు 275 కిలోలు. మోనెన్సిన్ అయితే కిలో బరువుకు 2 నుంచి 3 మిల్లీగ్రాములకే సగం గుర్రాలు చనిపోతాయి. అంటే ఈ గుర్రానికి 550 నుంచి 825 మిల్లీగ్రాములు. టన్నుకు 100 గ్రాములు కలిపిన దాణాలో అది ఐదున్నర నుంచి ఎనిమిది కిలోలకు సమానం. సాలినోమైసిన్ ఇంకా ఘాటు, కిలో బరువుకు 0.6 మిల్లీగ్రాములు చాలు. టన్నుకు 60 గ్రాములు కలిపితే మూడు కిలోలలోపు దాణాతోనే ఆ మోతాదు పడిపోతుంది. అంతకు తక్కువ తిన్నదని నిశ్చింతగా ఉండొద్దు, గుండె దెబ్బతినడానికి అంత అక్కర్లేదు. దాణాలో కలిపే పొడి సంచినే నాకితే కిలోల లెక్క పోయి గ్రాముల లెక్క వస్తుంది. సంచి మీది చీటీ, కిలో దాణా విడిగా కట్టి దాచండి.

గుర్రం వాంతి చేసుకోలేదు. కాబట్టి తిన్న కొన్ని గంటల్లోపే డాక్టరు ముక్కు గొట్టం ద్వారా మందుల బొగ్గు పొడి (యాక్టివేటెడ్ చార్‌కోల్) ఎక్కించాలి. కిలో బరువుకు 1 నుంచి 3 గ్రాములు, అంటే ఈ గుర్రానికి 275 నుంచి 825 గ్రాములు. నోట్లో నూనె పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. శూల (కడుపునొప్పి) అనుకుని నడిపించకండి, ప్రతి అడుగూ దెబ్బతిన్న గుండె మీద భారమే. పడిపోయిన బర్రెకు ఎక్కించే కాల్షియం సీసా దీనికి వద్దు, కణాల్లో ఇప్పటికే ఉన్న కాల్షియమే చంపుతున్నది. డిజాక్సిన్ అనే గుండె మందు కూడా వద్దు. పశువైద్య సాయం నంబరు 1962కు ఫోన్ చేసేటప్పుడే దాణాలో మందు పేరు చెప్పండి.

ఇక కాగితం మీద గీతలు గీసి, రెండు గంటలకోసారి రాయండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది, ఊపిరి 8 నుంచి 16, ఒంటి వేడి 99 నుంచి 101 ఫారెన్‌హీట్. గుండెను నిండు నిమిషం లెక్కించాలి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే లయ తప్పడం దొరకదు. నీడలో, నిలకడగా ఉన్నప్పుడు చూడండి. మే నెలలో ఎండ 42 డిగ్రీలు ఉన్నప్పుడు చెమట, ఊపిరి రెండూ ఎండవల్లనా, విషం వల్లనా అన్నది తేలదు. చల్లని నీడలో అరగంట నిలబెట్టినా గుండె 60 పైనే ఉండి, మెడ నరం ఎగిరెగిరి కొట్టుకుంటుంటే ఆశ తగ్గించుకోవాలి.

మూత్రం నేల మీద చూడొద్దు. మంచి గుర్రం మూత్రమే గాలి తగిలి కాసేపటికి గోధుమ రంగు తిరుగుతుంది. బకెట్‌లో పట్టి వెంటనే చూడండి. అప్పుడే డికాక్షన్ లాగా ఉంటే కండ రంగు దిగుతున్నట్టు, కిడ్నీ ప్రమాదంలో ఉన్నట్టు. సెలైన్ ఎక్కించే వేగాన్నీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షనూ దీన్నిబట్టే డాక్టరు నిర్ణయిస్తారు.

రక్తపరీక్షల దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే, ఎస్‌జీఓటీ పరీక్షలు పట్నంలోని మనుషుల ల్యాబులో చేయించవచ్చు. కానీ సీపీకే ఎంత ఎత్తుకు పోయిందన్నది చావుబతుకులు చెప్పదు. వేలల్లో ఉన్న గుర్రం లేస్తుంది, కాస్తే పెరిగిన గుర్రం గుండె ఆగి పడిపోతుంది. చూడాల్సింది అది ఎటు పోతున్నదని. గుర్రం రక్తంలో సీపీకే రెండు గంటల్లో సగమవుతుంది. అందుకే మర్నాటికీ తగ్గలేదంటే కండ ఇంకా చస్తున్నట్టే. ఎస్‌జీఓటీ నెమ్మదిది, సీపీకే దిగుతున్నా అది రెండో రోజు పెరగొచ్చు, దానికి భయపడొద్దు. కండకు సూది వేసినా, గుర్రం చాలాసేపు పడుకున్నా సీపీకే పెరుగుతుంది. కాబట్టి సూదికి ముందే రక్తం తీయించండి. వీలైతే ట్రోపోనిన్ ఐ కూడా అడగండి, గుండె కండ గురించి చెప్పేది అదే. మొదటి రోజు మామూలుగా ఉన్నా రెండు మూడు రోజులకు మళ్లీ చేయించాలి.

యూరప్‌లో సికమోర్ మేపుల్ చెట్టు గింజల్లోని హైపోగ్లైసిన్ అనే విషం తిని గుర్రాలకు ఇలాంటి కండరాల జబ్బే వస్తుంది. విషం వేరైనా, అక్కడ వందల కేసులు చూసి తేల్చిన గుర్తులు మన కొట్టంలోనూ అక్కరకొస్తాయి. ఎక్కువసేపు నిలబడి ఉండటం, ఒంటి వేడి మామూలుగా ఉండటం, పెంట వేయడం, చిగుళ్లు గులాబి రంగులో ఉండటం మంచి గుర్తులు. పడుకుని లేవకపోవడం, మేత ముట్టకపోవడం, చెమటలు, ఊపిరి అందకపోవడం, గుండె పరుగు చెడ్డవి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పొద్దు. పడుకున్నా గడ్డి అందుకునే గుర్రం, నిలబడి ఎగపోసే గుర్రం కన్నా నయం.

పడిపోయిన గుర్రానికి మందంగా గడ్డి పరిచి, నాలుగు గంటలకోసారి పక్క మార్చండి. మూత్రసంచి నిండి ఉంటే గొట్టంతో తీయించాలి. లేవలేక, ఊపిరికి రొప్పుతూ, చిగుళ్లు నీలిరంగుకు తిరిగిన గుర్రాన్ని ఇంకా సెలైన్ మీద ఈడ్చడం మా దృష్టిలో దయ కాదు. నొప్పి లేకుండా సాగనంపే మాట డాక్టరుతో అప్పుడే ఎత్తాలి.

మూడు రోజులు దాటి లేచి నిలబడ్డ గుర్రాన్ని చూసి చాలామంది పెళ్లికి బయానా తీసుకుంటారు. సరిగ్గా ఇక్కడే మోసం. చచ్చిన గుండె కండ స్థానంలో మచ్చ కడుతుంది, అక్కడ లయ తప్పుతుంది, నెలల తర్వాత కూడా డప్పు దరువుల మధ్య పెళ్లికొడుకుతో సహా కూలిపోవచ్చు. కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు కొట్టం దాటనివ్వకండి. పొట్ట కింద, ఛాతీ కింద నీరు దిగుతున్నదేమో రోజూ తడమండి. ఆ తర్వాత హైదరాబాద్ రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల లాంటి చోట గుండె స్కానింగ్, ఈసీజీ చేయించండి. ఈసీజీ నిలబెట్టి ఒకసారి, డాక్టరు ఎదుటే కొద్దిగా దౌడు తీయించి మరోసారి. దౌడులో లయ తప్పితే ఆ గుర్రం మీదికి ఎవరినీ ఎక్కించొద్దు.