వైపర్ ఆగిందా? మోటారు కొనే ముందు ఇవి చూడండి

మాది విశాఖ. కారు పాత మారుతి 800. వైపర్ ఆగిందని ఎవరికి చెప్పినా "మోటారు పోయింది, మార్చేయండి" అనేస్తారు. నేను చూసినంతలో మోటారు పోవడం తక్కువ. దాని చుట్టూ ఉన్నవే మొరాయిస్తాయి.

ముందు అద్దం మీద నీళ్ళు చల్లి, తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా వైపర్ స్విచ్ వేసి వినండి. ఏ చప్పుడూ లేకపోతే కరెంటు గొడవ. ఫ్యూజు చూడండి. కాలిపోతే అదే ఆంపియర్‌ది వేయాలి. రాగి తీగ చుట్టారో, ఈసారి వైరింగే కాలుతుంది. ఫ్యూజు బాగుంటే మోటారు దగ్గర కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) ఊడదీసి, స్విచ్ ఆన్‌లో ఉంచి వైర్ల వైపు కొనకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు (వైర్లున్న చిన్న బల్బు) పెట్టండి. వెలగకపోతే స్విచ్చో, వైరో. వెలిగితే కప్లర్ తిరిగి పెట్టి, మోటారు బాడీ నుంచి బ్యాటరీ మైనస్‌కి విడిగా ఒక వైరు కలపండి. మోటారు తిరిగిందంటే ఎర్త్ (కారు బాడీ ద్వారా కరెంటు తిరిగి వెళ్ళే దారి) లేదన్నమాట. ఇక్కడి ఉప్పుగాలికి మోటారు బిగించే బోల్టు కింద తుప్పు పట్టడం మామూలే. శాండ్ పేపర్‌తో గీకి బిగిస్తే చాలు.

మోటారు తిరుగుతున్నా ఒక ఆర్మ్ (బ్లేడును పట్టుకునే చెయ్యి) మాత్రమే కదలకపోతే దాని మొదట్లో ఉన్న నట్టు చూడండి. వదులైతే బిగించాలి. లోపలి పళ్ళు అరిగిపోతే ఆర్మ్ మార్చాల్సిందే. రెండూ కదలకపోతే మోటారునీ ఆర్మ్‌లనీ కలిపే లింకు రాడ్డు ఊడిపోయి ఉంటుంది, దాని కీలులోని ప్లాస్టిక్ బుష్ అరిగిపోయి. చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఉన్నట్టుండి తిరిగితే వేళ్ళు నలుగుతాయి.

వైపర్ ఈడుస్తూ నడిస్తే లింకు రాడ్డు విప్పి ఆర్మ్ ఇరుసును చేత్తో తిప్పండి. బిగుసుకుపోయి ఉంటే అక్కడ ఆయిలు అందాలి. పాపం, ఇందులో మోటారు తప్పేమీ లేదు.

స్విచ్ కట్టేయగానే వైపర్ కిందికి దిగకుండా అద్దం మధ్యలో నిలబడిపోవడం వేరే జబ్బు. వైపర్‌ని దాని చోటికి చేర్చేది మోటారు గేరు మూత దగ్గరుండే పార్కింగ్ కాంటాక్ట్. మూత తెరిస్తే పాత గ్రీజు నల్లగా, జీడిలా గట్టిపడి కనిపిస్తుంది. అది తుడిచి, సన్న శాండ్ పేపర్‌తో రాగి రేకుల్ని మెరిసేదాకా రుద్దండి. అణిగిపోయిన రేకును వెంట్రుకవాసి పైకి లేపి, కొత్త గ్రీజు గేరుకే పెట్టండి, రేకుల మీద వద్దు. ఒక స్పీడే పనిచేస్తుంటే, స్విచ్ బాగానే ఉంటే, మోటారు లోపల కరెంటు అందించే కార్బన్ బ్రష్ అరిగిపోయిందనుకోండి. అప్పుడు మాత్రం గాజువాక ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ మోటారు వెతుక్కోవచ్చు. కొనే ముందు అక్కడే బ్యాటరీ పెట్టి తిప్పించి చూడండి.

తుడిచాక అద్దం మీద నీటి గీతలు మిగిలితే బ్లేడు రబ్బరు మార్చండి. కొత్త బ్లేడు కూడా టకటకా ఎగురుతుంటే ఆర్మ్ మెలి తిరిగింది. రబ్బరు అద్దానికి నిటారుగా ఆనేలా పట్టకారుతో కొద్దిగా తిప్పాలి. బ్లేడు తీశాక అద్దం మీద మందపాటి తువ్వాలు పరవడం మర్చిపోకండి. స్ప్రింగ్ ఆర్మ్ చెయ్యి జారి కొట్టిందంటే అద్దమే కొనాల్సి వస్తుంది.