కొత్త కర్రను చేతికి అలవాటు చేసుకోవడం ఎలా?

చేతికర్రతో గానీ, దూరాన ఉన్న వస్తువులను అందుకునే పట్టుకర్రతో గానీ కొత్తగా పని మొదలుపెట్టేవారు తమ చేతి నైపుణ్యం గురించే ఆలోచిస్తారు. నిజానికి మారవలసింది మెదడు వేసుకునే దూరాల లెక్క. చేయి చాపితే అందే మేరను మెదడు ఒక విధంగానూ, అందని మేరను మరొక విధంగానూ లెక్కిస్తుంది. పనిముట్టు ఈ రెంటి మధ్య హద్దును కదిలించగలదు.

1996లో జపాన్‌లో అత్సుషి ఇరికి, ఆయన సహచరులు కోతుల మెదడులో స్పర్శనూ చూపునూ కలిపి చూసే పెరైటల్ అనే భాగంలో కొన్ని నాడీకణాలను పరిశీలించారు. చేతిని తాకినప్పుడూ, చేతికి దగ్గరగా ఏదైనా కనబడినప్పుడూ స్పందించే కణాలవి. చివర అడ్డుపట్టీ ఉన్న కర్రతో కోతి తిండిముక్కలను కొన్ని నిమిషాలు దగ్గరకు లాక్కున్నాక, ఆ కణాలు కర్ర పొడవునా కనబడిన వస్తువులకు కూడా స్పందించసాగాయి. పని ఆపిన కొద్ది నిమిషాలకు ఆ మేర మళ్ళీ కుంచించుకుపోయింది. కర్రను ఊరకే పట్టుకుని కూర్చున్నప్పుడు మాత్రం ఈ మార్పు రాలేదు. సాధన చేసేవారు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసినది ఈ చివరి సంగతినే.

కాబట్టి కర్రను గాలిలో తిప్పుతూ కాలం గడపకండి. తేలికగా ఉండి వంగని కర్రను ఎంచుకుని, బల్ల మీద చిన్న వస్తువులను చేతికి అందని దూరాల్లో ఉంచి, పది పదిహేను నిమిషాలపాటు ఒక్కొక్కదాన్నీ దగ్గరకు లాక్కోండి. వస్తువుల చోట్లను తరచు మార్చండి. ఒకే చోట ఉంచితే చేయి ఆ ఒక్క కదలికనే కంఠస్థం చేస్తుంది. చూపు పిడి మీద కాక కొన మీద ఉండాలి.

తరువాత కళ్ళు మూసుకుని, కర్ర మీద వేర్వేరు చోట్ల మరొకరిని మెల్లగా తట్టమనండి. దెబ్బ ఎక్కడ తగిలిందో చాలామంది ఆశ్చర్యపోయేంత సరిగ్గా చెబుతారు. తగిలిన చోటును బట్టి కర్రలో పుట్టే ప్రకంపనల తీరు మారుతుందనీ, ఆ తేడాను చేయి గ్రహించగలదనీ 2018లో ల్యూక్ మిల్లర్ బృందం చూపింది. అందువల్ల పిడికి మందపాటి మెత్తని గుడ్డ చుట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. పిడిని మరీ బిగించి పట్టుకోకండి, వేళ్ళు త్వరగా అలసిపోతాయి.

పనిముట్టును పక్కన పెట్టగానే అంతా మునుపటిలా అయిపోదు. 2009లో లుచిల్లా కార్డినాలి బృందం జరిపిన ప్రయోగంలో, సుమారు 40 సెంటీమీటర్ల పట్టుకర్రను వాడినవారు ఆ తరువాత ఉత్త చేతితో వస్తువులను అందుకున్నప్పుడు కూడా, చేయి పొడవు పెరిగినట్టుగా దాన్ని కదిలించారు. మోచేతినీ నడిమి వేలి కొసనూ తాకితే, ఆ రెండు చోట్ల మధ్య దూరం మునుపటికన్నా ఎక్కువని వారికి తోచింది. ఈ తేడాలు కొలిస్తే తెలిసేవే తప్ప కంటికి కనబడేంత పెద్దవి కావు గనుక, ఏమీ మారలేదనిపించినా నిరాశపడనక్కరలేదు. అసలు చుట్టూ ఉన్న చోటే విస్తరిస్తుందా, లేక ధ్యాస కొన వైపు మళ్ళడమే అలా కనిపిస్తుందా అన్న వాదం పరిశోధకుల మధ్య ఉంది; సాధన మాత్రం రెండు విధాలా ఒకటే.

ఒక పూట సాధన నిలవదు. చూపు లేనివారి మీద ఆండ్రియా సెరీనో బృందం చేసిన పరిశోధన 2007లో వెలువడింది. రోజూ చేతికర్ర వాడేవారికి దాన్ని పట్టుకోగానే కర్ర కొన చుట్టూ ఉన్న చోటు దగ్గరి మేరగా మారిపోయింది. చూపున్నవారికి అదే మార్పు కొంత శిక్షణ తరువాత వచ్చి, ఒక రోజు గడిచేసరికి పోయింది. కనుక రోజూ కొద్దిసేపైనా అదే కర్రతో, అదే పొడవుతో పని చేయండి. పొడవు మార్చవలసి వస్తే, రద్దీలోకి వెళ్ళకముందే కొత్త కర్రతో ఈ బల్ల మీది సాధనను మళ్ళీ మొదటి నుంచి చేయండి.